నక్షత్రపు చిట్టా, కంటికి చిత్రము

వరికుంటపాడులో అమావాస్య రాత్రి మిద్దెపై పండుకొన్నవారికి పాలపుంత కానవచ్చును; కాని మన వాయుమండలము చాలవరకు క్రిందికి రానీయని అతినీలలోహిత కాంతిని పట్టుటకై 2015 సెప్టెంబరు 28న, నాడు మన నెల్లూరు జిల్లాలోనిదే యైన శ్రీహరికోటనుండి ఆస్ట్రోశాట్ ఉపగ్రహము నింగి కెగసినది. అందలి అతినీలలోహిత దూరదర్శిని పంపునది చిత్రము కాదు. ఏ కాంతికణము ఏ గడిలో (పిక్సెల్‌లో) ఏ క్షణమున పడినదో తెలుపు చిట్టా. దానిని కూడగట్టి, గడి కొక సంఖ్యగా పటము కట్టి, శాస్త్రజ్ఞులు ‘ఫిట్స్’ అను రూపమున భద్రపరతురు.

ఒక్కొక్క జాతి కంప్యూటరు సంఖ్యలను ఒక్కొక్క పొడవున వ్రాయుచు, ఒక వేధశాల టేపు మరియొక వేధశాలలో మూగదై పోవుచున్న కాలమున, 1979లో డాన్ వెల్స్, ఎరిక్ గ్రైసెన్ మొదలగువారు, నాటి యంత్రము లన్నిటి పదప్రమాణములకును శేషము లేక భాగింపబడునట్లు 2,880 బైట్ల కట్టను ఏర్పరచిరి. 80 అక్షరముల పంక్తులు 36 చేరిన ఒక కట్ట. ఆ 80 అను సంఖ్య నాటి కంప్యూటర్ల చిల్లుల కార్డునుండి వచ్చినదే. ఏ దిక్కు, ఏ వడపోత, ఎంతసేపు అను వివరములు ఆ పంక్తులలో మామూలు అక్షరములతోనే యుండును. 1982లో అంతర్జాతీయ ఖగోళ సంఘము దీని నంగీకరించినది. ఒకనాడు ఫిట్స్ అయినది ఏనాటికిని ఫిట్స్‌గా చెల్లవలె నన్న నియమమును నేటివరకు నిలిపిన ఆ నిష్ఠ నాకు పరమ పూజ్యము.

మన ఫోనులలోని జేపెగ్ గోత్రము వేరు. 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కామిసెట్టి రామమోహనరావు అను మువ్వురు అమెరికాలో ప్రకటించిన కొసైన్ పరివర్తనమే దాని కాధారము. అహ్మద్ తొలుత ధనసహాయము కోరగా నిరాకరింపబడిన ఆలోచన యిది. చిత్రమును ఎనిమిదింట ఎనిమిది గడుల తునకలుగా కోసి, ఒక్కొక్క తునకను అలల మొత్తముగా మార్చి, కంటి కానని సన్నని అలలను సున్న చేసి చిత్రమును కుదించుట దాని పద్ధతి. టెక్సస్‌లో దీర్ఘకాలము బోధించిన రావుగారి తెలుగు పేరు, పెండ్లి ఫొటోలు పంపుకొను మనలో ఎందరికి తెలియును?

ఫిట్స్‌ను జేపెగ్‌గా మార్చువానికి అసలు పరీక్ష కుదింపుకు మునుపే యెదురగును. ఫిట్స్ గడిలో 65,536 మెట్లో, అంతకు మించియో యుండవచ్చును. సాధారణ జేపెగ్‌లో రంగుకు 256 మాత్రమే. పుట్లలో ధాన్యము కొలుచు కొలతతో గురిగింజ యెత్తు బంగారము తూచినట్లు సమముగా భాగించినచో, నక్షత్రవీథి నడిబొడ్డు మాత్రము వెలిగి, బాహువులు చీకటిలో మునుగును. బాహువులకై పెంచినచో నడిబొడ్డు తెల్లని ముద్ద యగును. అందుచే లాగరితమ్ వంటి వక్రముతో మందకాంతిని సాగదీసి, తీవ్రకాంతిని అదుముదురు. ఏ వక్రము, ఎక్కడ నలుపు, ఎక్కడ తెలుపు అనునది మనుష్యుని నిర్ణయము; కంటికి కానరాని కాంతికి రంగు కూడ మనుష్యుడు వేసినదే. పిదప జేపెగ్ సున్న చేసిన సన్నని అలలలో ఒంటి గడిలోని మసక చుక్క యొకటి పోయియుండవచ్చును. దిక్కు, సమయము చెప్పు పంక్తులును సాధారణముగా వెంట రావు. కనుక ఆ చిత్రమును కొలిచి నక్షత్రకాంతిని లెక్కింపరాదు.

ఆస్ట్రోశాట్ చిట్టాలు బెంగుళూరు చెంతనున్న బ్యాలాలు దత్తాంశ కేంద్రమున భద్రముగా నున్నవి. 2018నుండి ఎల్లరకును తెరువబడినవి. వరికుంటపాడు బడిపిల్లవాడు ఒకడు ఆ ఫిట్స్‌ను దించుకొని, వక్రమును కొంచెము వంచి చూచినచో, చీకటి యనుకొన్న చోట నక్షత్రవీథి బాహు వొకటి మెల్లగా తేలివచ్చును.