పత్తి కట్టెతో పలక

కలపను చిన్న తునకలుగా కొట్టి, ఆరబెట్టి, జిగురు కలిపి, వేడి పలకల నడుమ అదిమితే వచ్చే బోర్డును పార్టికల్ బోర్డు అంటారు. సన్‌మైకా అంటించిన ఆఫీసు బల్లకు అంచు ఊడినచోట బయటపడే పొడి పొడి తునకలు ఇవే. ఈ తునకలు చెట్టువే కానవసరం లేదు. పీచుకు బలమిచ్చే సెల్యులోజ్, ఆ పీచును బిగించి ఉంచే లిగ్నిన్ అనే రెండు పదార్థాలున్న ఏ మొక్క భాగమైనా పనికివస్తుంది కనుకనే, భారతీయ ప్రమాణం ఐఎస్ 3087 కలపతోపాటు అటువంటి ఇతర పదార్థాలతో చేసిన బోర్డులకు కూడా వర్తిస్తుంది.

అయితే పంట వ్యర్థాలన్నీ ఒక్క తీరువి కావు. చెరకు పిప్పిలోని మెత్తని బెండు జిగురును, నీటిని పీల్చేస్తుంది కాబట్టి దాన్ని ముందుగా వేరుచేయాలి. పైగా ఆ పిప్పిని చక్కెర మిల్లులే బాయిలర్లలో ఇంధనంగా వాడుకుంటాయి. వరిగడ్డి పైనున్న మైనపు పొర, అందులోని సిలికా కారణంగా చవకగా దొరికే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు దానికి సరిగా పట్టదు, కోసే కత్తులు కూడా త్వరగా మొద్దుబారుతాయి. ఐసోసైనేట్ రకం జిగురు పడుతుంది గానీ దాని ధర ఎక్కువ.

వీటన్నిటికంటే కలపకు దగ్గరైనది పత్తి కట్టె. ముంబైలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ దీనితో బోర్డులు చేసే పద్ధతిని రూపొందించింది. అసలు చిక్కు బోర్డు తయారీలో కంటే కట్టె సేకరణలోనే ఉంది. తెలంగాణలోనూ, గుంటూరు, కర్నూలు ప్రాంతాల్లోనూ పత్తి తీతలు ముగిశాక చేను ఖాళీ చేయాలన్న తొందరలో రైతులు కట్టెను పీకి, కుప్పవేసి, తగలబెట్టడం మామూలే. కొమ్మలతో ఉన్న ఆ కట్టెను అలాగే ఎత్తితే బరువు పెరగకుండానే లారీ నిండిపోతుంది. అందుకే చేనులోనే యంత్రంతో ముక్కలు చేయించి తరలించడం మేలు. ఇందులో మరో లాభం కూడా ఉంది: కట్టెకు మిగిలిన గుడ్డి కాయల్లో గులాబీ రంగు పురుగు తలదాచుకుని తరువాతి పంటకు పాకుతుంది కనుక, చేలగట్ల మీద కుప్పలు నెలల తరబడి ఉండకపోవడం రైతుకూ మంచిదే.

వ్యర్థంతో చేసినంత మాత్రాన బోర్డు నిరపాయకరమైపోదు. యూరియా జిగురు నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ వాయువును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది; తునక పత్తిదైనా టేకుదైనా ఆ వాయువు వచ్చేది జిగురు నుంచే. ఇక కర్మాగారం నిలబడేదీ లేనిదీ తేల్చేది మాత్రం కట్టె పీకే కూలి, ముక్కలు కొట్టే యంత్రానికి డీజిలు, లారీ కిరాయి పోగా రైతు చేతికి ఎంత మిగులుతుందన్న లెక్క, ఏడాదిలో కొద్ది వారాలే దొరికే సరుకును వానలు పడేలోపు తడవకుండా ఎంత నిల్వచేయగలరన్న లెక్క.