ఇంటి అప్పు తీరే లెక్క

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. నేడు చాలామంది బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టుకొని, నెలనెలా సమాన వాయిదాలలో తీరుస్తున్నారు.

పది లక్షల రూపాయలు సంవత్సరానికి నూటికి 9 రూపాయల వడ్డీపై 20 సంవత్సరాలకు తీసుకున్నామనుకుందాం. నెల వాయిదా సుమారు 8,997 రూపాయలు. అందులో మొదటి నెల వడ్డీయే 7,500 రూపాయలు. అసలులో తగ్గేది 1,497 రూపాయలే. గడువు తీరేసరికి మొత్తం 21 లక్షల 59 వేల రూపాయలు కడతాము.

మిగిలిన అసలుపైనే వడ్డీ పడుతుంది. కాబట్టి అసలు ఎంత త్వరగా తగ్గితే వడ్డీ అంత తగ్గుతుంది. అమెరికా, కెనడాలలో కొందరు రెండు వారాలకొకసారి సగం వాయిదా కడతారు. సంవత్సరానికి 52 వారాలు గనుక అవి 26 సగాలు, అనగా 13 పూర్తి వాయిదాలవుతాయి. మన దేశంలో నెల వాయిదాయే వాడుక. అయినా పంట డబ్బో, బోనసో అందినప్పుడు ఏటా ఒక వాయిదా అదనంగా అసలుకు జమకట్టి, వాయిదా మార్చకుండా గడువు తగ్గించుకోవచ్చు. అప్పుడు పై అప్పు సుమారు మూడున్నర సంవత్సరాలు ముందే తీరుతుంది. సుమారు 2 లక్షల 30 వేల రూపాయల వడ్డీ మిగులుతుంది.

వడ్డీ రేటు మారుతూ ఉండే గృహ ఋణాలను ముందుగా తీర్చినందుకు బ్యాంకులు అపరాధ రుసుము తీసుకోరాదని 2012లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అయితే చేతిలో ఉన్నదంతా అప్పుకే కట్టి, అవసరానికి చేబదులు కోసం తిరగడం మాత్రం తగదు.