చిరునామాలు దాచుకుందాం, నలుగురికీ పంచుదాం

కోరుట్లలో ఒక ఇల్లు. ఇలాంటి ఇల్లు మీ వాడలో కూడా ఉంటుంది. అత్త అరుగు మీద కూచుని బీడీలు చేస్తున్నది. ఒళ్ళో చాట ఉంది. చాటలో తునికాకు, తంబాకు ఉన్నాయి. పక్కన కోడలు ఆకు కత్తిరిస్తున్నది. చిన్న కొడుకు గల్ఫ్ పోవాలని తిరుగుతున్నాడు.

ఆ రోజు అతని ఫోనుకు ఒక మెసేజి వచ్చింది. "దుబాయిలో పని ఉంది. మంచి జీతం. ఈ లింకు నొక్కు. పాస్‌పోర్టు నంబరు రాయి. ఫైలు ఖర్చు 15,000 రూపాయలు ఈరోజే పంపు" అని ఉంది అందులో.

"అమ్మా, ఇయ్యాల్నే పంపాల్నట. లేకుంటే ఆ పని వేరేటోళ్ళకు పోతదట" అన్నాడు కొడుకు.

అత్త చెయ్యి ఆగింది. 15,000 రూపాయలు! సంఘంలో అప్పు తీసుకుంటే తప్ప రావు. తీసుకుంటే మళ్ళీ బీడీలు చేసే తీర్చాలి.

"బిడ్డా, జగిత్యాల నుంచి మీ వదినె మొన్న ఏదో పంపింది గద. సర్కారు పేజీ అన్నది. అండ్ల ఏజెంట్ల పేర్లు ఉంటయన్నది. జర సూడు" అన్నది కోడలితో.

కోడలు ఫోను తీసింది. వాట్సాప్‌లో వెతికింది. పండుగ ఫోటోలు ఉన్నాయి. పాటలు ఉన్నాయి. పెళ్ళి పత్రికలు ఉన్నాయి. వదినె పంపిన లింకు మాత్రం దొరకలేదు. అరగంట గడిచింది.

"ఎటు పోయిందో తెలుస్తలేదు అత్తమ్మా" అన్నది కోడలు.

లింకు వచ్చిన మాట నిజం. దాన్ని చూసిన మాట కూడా నిజం. కానీ దాచుకోలేదు. అవసరం పడిన నాడు అది చేతికి రాలేదు.

బుక్‌మార్క్ అంటే ఏమిటి?

మనం పుస్తకం చదువుతాం. మధ్యలో పని పడుతుంది. అప్పుడు ఏం చేస్తాం? చదివిన చోట ఒక తునికాకు ముక్క పెడతాం. మళ్ళీ తీస్తే ఆ పేజీ దొరుకుతుంది. ఆ ఆకు ముక్కే గుర్తు. దాన్నే ఇంగ్లీషులో బుక్‌మార్క్ అంటారు.

ఫోనులో ఇంటర్నెట్ చాలా పెద్ద పుస్తకం లాంటిది. దానిలో ప్రతి పేజీకి ఒక చిరునామా ఉంటుంది. ఉత్తరం మీద ఇంటి నంబరు, ఊరు రాస్తాం కదా, అలాంటిదే ఇది. ఆ చిరునామానే లింకు అంటారు. మనకు పనికొచ్చే పేజీ చిరునామాను ఫోనులో దాచుకోవడమే బుక్‌మార్క్ పెట్టడం.

గుర్తు ఎట్లా పెట్టాలి?

చాలా ఫోన్లలో క్రోమ్ అనే బొమ్మ ఉంటుంది. దాని ద్వారా పేజీలు తెరుస్తాం. గుర్తు పెట్టే పద్ధతి ఇది.

1. కావలసిన పేజీ తెరవండి.
2. పైన కుడి పక్క మూడు చుక్కలు ఉంటాయి. వాటిని నొక్కండి.
3. నక్షత్రం బొమ్మ కనిపిస్తుంది. దాన్ని నొక్కండి. గుర్తు పడింది.
4. మళ్ళీ కావాలంటే ఆ మూడు చుక్కలే నొక్కండి. బుక్‌మార్క్‌లు అన్న మాట ఉంటుంది. అది తెరిస్తే మీరు దాచిన పేజీలన్నీ వరుసగా కనిపిస్తాయి.

గుర్తుకు మనకు తెలిసిన పేరు పెట్టుకోవచ్చు. ఇంగ్లీషు పేరే ఉండాలని లేదు. "గల్ఫ్ ఏజెంట్ల పట్టిక" అని తెలుగులో రాసుకోవచ్చు. చదవడం నేర్చుకున్నది ఇలాంటి పనికే కదా!

సరైన చిరునామా అని ఎట్లా తెలుస్తుంది?

తప్పుడు చిరునామాను భద్రంగా దాచుకుంటే లాభం లేదు. నష్టం కూడా. కాబట్టి దాచే ముందు చూడాలి.

ఫోను పై భాగంలో చిరునామా కనిపిస్తుంది. దాన్ని మొదటి ఏటవాలు గీత వచ్చేదాకా చదవండి. ఆ గీతకు ముందు మాటలు ఎట్లా ముగిశాయో చూడండి. మన దేశంలో సర్కారు పేజీల చిరునామాలు ఎక్కువగా "జిఓవి డాట్ ఐఎన్" అని ముగుస్తాయి. ఆ ముగింపును సర్కారు సంస్థలకే ఇస్తారు.

విదేశీ పనుల కోసం కేంద్ర విదేశాంగ శాఖ నడిపే పేజీ పేరు ఈ-మైగ్రేట్. దాని చిరునామా "ఈమైగ్రేట్ డాట్ జిఓవి డాట్ ఐఎన్". మోసగాళ్ళు ఇలాంటి పేరే పెట్టి చివర "డాట్ కామ్" అని తగిలించవచ్చు. మధ్యలో "జిఓవి" అని కూడా ఇరికించవచ్చు. ముందు మాట చూసి నమ్మకూడదు. చివరి మాట చూడాలి.

ఈ-మైగ్రేట్ పేజీలో రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంట్ల పట్టిక ఉంటుంది. ఏజెంటు పేరు, నంబరు, చిరునామా చూడవచ్చు. లైసెన్సు నడుస్తున్నదా, ఆగిపోయిందా అన్నది కూడా తెలుస్తుంది. పేరు ఉన్నంత మాత్రాన చాలదు. మంచి ఏజెంటు పేరు చెప్పి వేరేవాళ్ళు ఫోను చేస్తుంటారు. అందుకే పట్టికలో ఉన్న ఆఫీసునే అడగాలి.

ఏజెంటు తీసుకునే సేవా రుసుముకు హద్దు ఉంది. అది 30,000 రూపాయలు, దాని మీద జి.ఎస్.టి. అంతకు మించి తీసుకోకూడదు. తీసుకున్నదానికి రశీదు ఇవ్వాలి. అయితే తక్కువ అడిగాడు కదా అని కూడా నమ్మవద్దు. చిన్న మొత్తం అడిగితే జనం తొందరగా ఇస్తారని మోసగాళ్ళకు తెలుసు.

అనుమానం వస్తే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి ఫోను చేయవచ్చు. నంబరు 1800-11-3090. దీనికి ఖర్చు లేదు.

అరలు కట్టుకోవాలి

గుర్తులు పది అయ్యాయనుకోండి. ఇరవై అయ్యాయనుకోండి. అన్నీ ఒకే చోట పోస్తే మళ్ళీ వెతుకులాటే.

సిరిసిల్లలో కండెలు చుట్టే అక్కలను చూడండి. ఎర్ర నూలు కండెలు ఒక గంపలో వేస్తారు. పచ్చ నూలు కండెలు ఇంకో గంపలో వేస్తారు. కలిపేస్తే మగ్గం దగ్గర పని ఆగుతుంది. చిరునామాలు కూడా అంతే. ఏ పని పేజీలు ఆ గంపలో వెయ్యాలి. ఫోనులో ఈ గంపను ఫోల్డరు అంటారు.

మన ఇళ్ళకు నాలుగు గంపలు పనికొస్తాయి.

గల్ఫ్: ఈ-మైగ్రేట్ పేజీ. తెలంగాణ సర్కారు సంస్థ టామ్‌కామ్ పేజీ. ఇది విదేశాల్లో పనులకు మనుషులను పంపే సంస్థ. మదద్ పేజీ. విదేశంలో చిక్కుకున్న వారి కోసం ఫిర్యాదు పెట్టే చోటు ఇది.

బీడీ పని: పి.ఎఫ్. పాస్‌బుక్ పేజీ. బీడీలు చేసే వారికి పి.ఎఫ్. ఉంటే 12 అంకెల నంబరు ఉంటుంది. దాంతో ఎంత జమ అయిందో చూసుకోవచ్చు.

పిల్లల చదువు: జాతీయ స్కాలర్‌షిప్ పేజీ. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే సాయానికి దరఖాస్తు ఇక్కడే పెడతారు. తెలంగాణ ఈ-పాస్ పేజీ కూడా ఈ గంపలోనే.

భూమి: భూభారతి పేజీ.

ముగ్గురికి ఒకే మూట

ఫోనులో పెట్టిన గుర్తు ఆ ఫోనుకే పరిమితం కావచ్చు. ఫోను పోతే గుర్తులూ పోవచ్చు. ఇంకొకరికి ఇవ్వాలంటే ఒక్కొక్కటి పంపాలి. దీనికి ఒక ఉపాయం ఉంది. గుర్తులను ఇంటర్నెట్‌లోనే మూటకట్టి పెట్టుకునే సాధనాలు ఉన్నాయి. అలాంటి వాటిలో ఒకటి రెయిన్‌డ్రాప్. రెయిన్‌డ్రాప్ అంటే వాన చినుకు. దీన్ని డబ్బు కట్టకుండా కూడా వాడుకోవచ్చు.

ముందు ఈ-మెయిలుతో ఖాతా తెరవాలి. తర్వాత గంపలు చేసుకోవాలి. ఇక్కడ గంపను కలెక్షన్ అంటారు. దానిలో చిరునామాలు వెయ్యాలి. గంపను పంచుకుంటాం అని నొక్కితే, ఆ గంప మొత్తానికి ఒకే లింకు వస్తుంది. ఆ ఒక్క లింకు మన వాళ్ళకు పంపితే చాలు. వాళ్ళు చూడగలరు. మార్చలేరు.

మన కోరుట్ల ఇంటి సంగతే తీసుకోండి. ఆడబిడ్డ జగిత్యాలలో ఉంది. కోడలు కోరుట్లలో ఉంది. కోడలి తల్లి సిరిసిల్లలో ఉంది. ఊర్లు మూడు. గంప ఒకటే. జగిత్యాల ఆడబిడ్డ గంప చూసుకుంటుంది. మిగతా ఇద్దరూ అందులోంచి తీసుకుంటారు.

వాట్సాప్‌లో పంపిన మెసేజి చీటి లాంటిది. చేతులు మారుతుంది. పాతబడుతుంది. కిందికి పోతుంది. పంచుకున్న గంప వాడలో బోరింగు లాంటిది. ఎవరికి అవసరమైతే వాళ్ళు అక్కడికే వస్తారు.

చిరునామా మారితే?

చిరునామాలు మారుతుంటాయి. మన రాష్ట్రంలో భూమి వివరాలు చూసుకోవడానికి 2020 అక్టోబరు 29న ధరణి మొదలైంది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. ధరణి చిరునామా దాచుకున్నవాళ్ళు కొత్త చిరునామా వెతుక్కోవలసి వచ్చింది.

వందమందికి వంద చీటీలు పంపి ఉంటే వంద చీటీలూ మార్చాలి. ఒక్క గంప పంచి ఉంటే ఆ గంపలో ఒక్కచోట మారిస్తే చాలు. అందరికీ కొత్తదే కనిపిస్తుంది. అందుకే గంప చూసుకునే మనిషి ముఖ్యం. ఆమె నెలకు ఒకసారైనా ఒక్కొక్క చిరునామా తెరిచి చూడాలి. పనిచేయనిది తీసెయ్యాలి. ఆమె తప్పు పేజీ వేస్తే ఆ తప్పు కూడా అందరికీ పోతుంది.

ఏవి పెట్టకూడదు?

గంప లింకు ఎవరి చేతికి పోయినా తెరుచుకుంటుంది. అందుకే అందులో చిరునామాలే ఉండాలి. పాస్‌వర్డు రాయకూడదు. ఆధార్ నంబరు రాయకూడదు. బ్యాంకు నంబరు, పాస్‌పోర్టు ఫోటో పెట్టకూడదు. ఓ.టి.పి. ఎవరికీ చెప్పకూడదు. తాళం ఉన్న చోటు చెప్పడం వేరు. తాళంచెవి ఇవ్వడం వేరు.

ఒకవేళ డబ్బు పంపి మోసపోతే సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యాలి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలు ఉంటుంది.

దుకాణం మూసేస్తే?

గుర్తులు దాచే సాధనాలు కూడా దుకాణాల వంటివే. నడుస్తాయి. మూతపడతాయి. డెలీషియస్ అనే సాధనం 2003లో వచ్చింది. గుర్తులను నలుగురితో పంచుకునే పద్ధతికి అది బాగా పేరు తెచ్చింది. 2017లో అందులో కొత్త గుర్తులు పెట్టడం ఆపేశారు. పాకెట్ అనే ఇంకో సాధనాన్ని 2025 జూలైలో మూసేశారు.

కాబట్టి ముఖ్యమైన చిరునామాలు నోటుపుస్తకంలో కూడా రాసుకోవాలి. పేజీ పేరు ఒక పక్క, చిరునామా ఇంకో పక్క రాయాలి. ఏ రోజు చూశారో ఆ తారీకు వెయ్యాలి. ఫోను పోయినా, దుకాణం మూసినా పుస్తకం మన ఇంట్లోనే ఉంటుంది.

ఆ రోజు ఏమయింది?

కోడలు జగిత్యాలకు ఫోను చేసింది. "వదినె, నువ్వు పంపిన లింకు దొరుకుతలేదు."

"నేను దానికి గుర్తు పెట్టుకున్న. ఇప్పుడే పంపుత. ఈసారి నువ్వు గుడ పెట్టుకో" అన్నది వదినె.

లింకు వచ్చింది. కోడలు చిరునామా చివర చూసింది. జిఓవి డాట్ ఐఎన్ అని ఉంది. పట్టిక తెరిచింది. మెసేజిలో ఉన్న ఏజెంటు పేరు వెతికింది. లేదు. అక్షరాలు కూడబలుక్కుంటూ అత్త కూడా చూసింది. ఆమెకూ కనబడలేదు. తర్వాత సహాయతా కేంద్రానికి ఫోను చేశారు. పట్టికలో లేని ఏజెంటుకు డబ్బు కట్టవద్దని చెప్పారు వాళ్ళు.

డబ్బు పంపలేదు. చిన్న కొడుకు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మంచి పని చెయ్యి జారిందని అతని బాధ. మర్నాడు వదినె చెప్పినట్టు కోడలు నక్షత్రం నొక్కింది. "గల్ఫ్" అని గంపకు పేరు పెట్టింది. మరిదిని పిలిచి చూపింది. ఇద్దరూ కూచుని పట్టికలో ఉన్న ఏజెంట్ల పేర్లు చదవడం మొదలుపెట్టారు.

అత్త బీడీల చాట పక్కన పెట్టింది. నోటుపుస్తకం తీసింది. ఒక్కొక్క అక్షరం చూసి ఆ చిరునామా రాసుకున్నది. కింద తారీకు వేసింది.

ఆలోచించండి

1. మీ ఫోనుకు వచ్చిన లింకుల్లో ఏవి సర్కారువి? ఎట్లా గుర్తుపట్టారు?
2. మీ సంఘంలో గంప చూసుకునే బాధ్యత ఎవరికి ఇస్తారు? ఎందుకు?
3. గంపలో పెట్టకూడనివి ఏవి?

చేసి చూడండి

మీ ఇంటికి పనికొచ్చే మూడు పేజీలకు గుర్తు పెట్టండి. వాటి చిరునామాలు నోటుపుస్తకంలో రాయండి. పక్కింటి అక్కకు ఒకటి నేర్పండి.