సైటు మీ పేరున ఉండాలి, మీ చేతిలో నడవాలి

“వెబ్‌సైటుకు ఎంతయితది తమ్మీ?” సిద్దిపేటలో దుకాణదారులు నన్ను అడిగే మొదటి మాట ఇదే. చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు తయారుచేయడం నా వృత్తి. ఆ ప్రశ్నకు నేను వెంటనే రేటు చెప్పను. “అన్నా, గిరాకీలు ఫోన్ చేసి మిమ్మల్ని ఏమేం అడుగుతరు?” అని ఎదురడుగుతాను. వాళ్లు చెప్పిందల్లా కాగితం మీద రాసుకుంటాను. ఎన్ని పేజీలు కావాలి, ఎలాంటి ఫొటోలు కావాలి, అసలు సైటు అవసరమా కాదా అన్నది ఆ కాగితమే తేలుస్తుంది. ఖర్చు ఆ తర్వాతి లెక్క.

2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా కేంద్రమైంది. 2023 జూన్‌లో ఐటీ టవర్ తెరుచుకుంది. అదే ఏడాది అక్టోబరులో రైలు వచ్చింది. ఊరు ఇంత మారినా, ఇంటర్నెట్‌లో చిన్న వ్యాపారి ఉనికి మాత్రం ఎక్కువగా వాట్సాప్ స్టేటస్ దగ్గరో, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా దగ్గరో ఆగిపోతోంది. వాటితో లాభం లేదనను. కొత్తవాళ్లకు సరుకు చూపించడానికి బాగా పనికొస్తాయి. కానీ స్టేటస్ 24 గంటల్లో మాయమవుతుంది. ఆర్నెల్ల కిందట పెట్టిన ఫొటో గిరాకీకి దొరకదు. ఏ కారణం చేతనైనా ఖాతా మూతపడితే అందులోని సరంజామా అంతా పోయినట్టే. వ్యాపారానికి తనదంటూ ఒక చిరునామా ఉండాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

కాగితం మీద మొదలుపెట్టాలి

గొల్లభామ చీరలు నేసి అమ్ముకునే ఒక కుటుంబానికి చేసిన పని ఆధారంగా సైటు తయారుచేసే పద్ధతి చెబుతాను. గొల్లభామ చీర సిద్దిపేట నేతగాళ్ల సొంత సంపద, భౌగోళిక గుర్తింపు పొందిన నేత. తల మీద కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మను కొంగులో, అంచులో అదనపు పోగులతో మగ్గం మీదే నేస్తారు. పోగులు లెక్క తప్పితే బొమ్మ చెదురుతుంది. ఇంత పనితనం ఉన్న చీరను అచ్చుబొమ్మ చీర పక్కన పెట్టి ధర అడిగితే నేతగాడి గుండె కలుక్కుమంటుంది. సైటు చేయాల్సిన మొదటి పని ఆ తేడా చూపించడమే.

ఆ ఇంటికి వచ్చే ఫోన్లలో మాటిమాటికీ వినిపించే ప్రశ్నలు ఇవి. ఇది మగ్గం మీద నేసిందేనా, ప్రింటా? జాకెట్ ముక్క వస్తదా? ఉతికితే రంగు పోతదా? హైదరాబాద్‌కు ఎన్ని రోజుల్లో పంపుతరు? నచ్చకపోతే వాపస్ తీసుకుంటరా? ఈ ప్రశ్నల్లోంచే సైటు పుట్టింది. మొదటి పేజీ, చీరల పేజీ, నేత గురించిన పేజీ, కొనే విధానం, సంప్రదించే వివరాలు. ఐదే పేజీలు. “మా విజన్”, “మా మిషన్” అని ఎవరూ చదవని పేజీలు పెట్టలేదు. ఏ ప్రశ్నకూ జవాబు కాని పేజీ సైటుకు బరువే.

సీఎంఎస్ అంటే ఏమిటి?

ఒకప్పుడు ప్రతి పేజీనీ కోడ్ రాసి తయారుచేసేవారు. ధరలో ఒక్క అంకె మార్చాలన్నా కోడ్ తెలిసినవాళ్లే రావాలి. కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, పొట్టిగా సీఎంఎస్, ఆ అవసరం తీసేసింది. ఇందులో మాటలు, ధరలు డేటాబేస్‌లో ఒకచోట ఉంటాయి. అవి ఏ అక్షరాల్లో, ఏ రంగుల్లో కనబడాలో థీమ్ అనే మరో భాగం చూసుకుంటుంది. ఇంటికి రంగు మార్చినంత మాత్రాన లోపలి సామాను కదలదు. థీమ్ మార్చినా అంతే. యజమాని తన పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి, ఈమెయిల్ రాసినంత సులువుగా పేజీ మార్చుకోవచ్చు.

ద్రుపల్ 2001లో, జూమ్లా 2005లో వచ్చాయి. చిన్న వ్యాపారాలకు నేను ఎక్కువగా వాడేది వర్డ్‌ప్రెస్. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి 40కి పైగా దీని మీదే నడుస్తున్నాయి. ఇది పుట్టిన తీరు మనం గుర్తుపెట్టుకోవాల్సింది. బీ2 అనే సాఫ్ట్‌వేర్ ఉండేది. దాన్ని తయారుచేసిన వ్యక్తి నడపడం మానేశాడు. దాన్ని వాడుతున్న 19 ఏళ్ల అమెరికా కుర్రాడు మాట్ ముల్లెన్‌వెగ్, ఇంగ్లండ్‌కు చెందిన మైక్ లిటిల్ కలిసి ఆ కోడ్‌నే తీసుకుని ముందుకు నడిపి, 2003 మే 27న వర్డ్‌ప్రెస్‌గా విడుదల చేశారు. కోడ్‌ను ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చనే బీ2 జీపీఎల్ లైసెన్సు అందుకు దారి ఇచ్చింది. తయారుచేసినవాళ్లు చేతులెత్తేసినా వాడేవాళ్లు వీధిన పడలేదు. చిన్న వ్యాపారికి కావాల్సిన భద్రత సరిగ్గా ఇదే. రేపు నేను ఊళ్లో లేకపోయినా, వర్డ్‌ప్రెస్ తెలిసిన మరొకరు ఆ సైటును అందుకోగలరు.

డొమైన్ ఎవరి పేరున?

వర్డ్‌ప్రెస్ ఉచితం. డబ్బు అయ్యేది రెండింటికి: డొమైన్‌కు, హోస్టింగ్‌కు. డొమైన్ అంటే సైటు పేరు, హోస్టింగ్ అంటే సైటు ఉండే కంప్యూటర్‌లో చోటు. డాట్ ఇన్ పేరుకు ఏడాదికి సుమారు వెయ్యి రూపాయల లోపు అవుతుంది. చిన్న సైటు హోస్టింగ్‌కు ఏడాదికి రెండు నుంచి ఐదు వేలు పెట్టుకోవాలి. మొదటి ఏడాది తగ్గింపు రేటు చూసి మురిసిపోవద్దు. రెండో ఏడాది నుంచి ఎంత కట్టాలో ముందే అడగాలి. సైటు సురక్షితంగా (https) తెరుచుకోవడానికి కావాల్సిన సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 చివరి నుంచి ఉచితంగానే ఇస్తోంది. చాలా హోస్టింగ్ కంపెనీలు దాన్ని వాటంతట అవే అమర్చుతాయి. దాని కోసం వేలు అడిగితే ఎందుకని నిలదీయండి.

ఇక్కడే చాలామంది నష్టపోతారు. పొరుగూరి ఏజెన్సీ ఒకటి మా పట్నంలోని ఒక వ్యాపారికి సైటు చేసిచ్చింది, కానీ డొమైన్ తన పేరున కొన్నది. రెన్యువల్ సమయానికి ఫోన్ ఎత్తే నాథుడు లేడు. బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద, సంచుల మీద అచ్చయిన పేరు పనికిరాకుండా పోయింది. ఆ వ్యాపారి కొత్త పేరు కొని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. అందుకే డొమైన్ ఖాతాను యజమాని ఈమెయిల్‌తో, యజమాని ఫోన్ నంబరుతో, యజమాని ఎదుటే తెరవాలి. డబ్బు కూడా ఆయన ఖాతా నుంచే కట్టించాలి. ఆ పని అయ్యేదాకా నేను సైటు మీద చేయి వేయను.

తెలుగు అక్షరానికి తగ్గట్టు

ఇంగ్లిషు కోసం తయారైన థీమ్‌లో తెలుగు పెడితే మొదట దెబ్బతినేది వరుసల మధ్య ఎడం. ‘సిద్దిపేట’ అన్న మాటనే చూడండి. రెండో అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. శీర్షిక రెండు వరుసలకు వస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడి మీద పడుతుంది. వరుసల ఎడాన్ని అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు పైగా పెడితే చదవడానికి హాయిగా ఉంటుంది. ఫాంట్ల విషయంలో మనకు కొరత లేదు. సిలికానాంధ్ర అందరికీ ఉచితంగా అందించిన ఫాంట్లలో ‘మండలి’ పేజీలోని మామూలు రాతకు బాగుంటుంది, ‘రామభద్ర’ శీర్షికలకు నిండుగా ఉంటుంది. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పేరున ‘సురవరం’ ఫాంట్ కూడా ఉంది.

రెండోది పేజీ అడ్రసు. వర్డ్‌ప్రెస్ శీర్షికనే అడ్రసుగా మారుస్తుంది. శీర్షిక తెలుగులో ఉంటే అడ్రసూ తెలుగులోనే వస్తుంది. బ్రౌజర్‌లో ముచ్చటగానే కనిపిస్తుంది. కానీ దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే చాలాసార్లు శాతం గుర్తులు, అంకెలు కలిసిన చాంతాడులా మారుతుంది. కారణం చెబుతాను. గుడులు, ఒత్తులకు పెట్టే గుర్తులతో సహా ప్రతి తెలుగు గుర్తూ కంప్యూటర్‌లో మూడు బైట్లు, అడ్రసులో ఒక్కో బైటుకు మూడేసి గుర్తులు. ‘గొల్లభామ’ అన్న మాటలో అలాంటి గుర్తులు ఎనిమిది. అడ్రసులో అవి 72 అవుతాయి. వర్డ్‌ప్రెస్ అక్కడ 200 దాకానే ఉంచుకుంటుంది కాబట్టి పొడుగు శీర్షిక మధ్యలో తెగిపోతుంది. అందుకని శీర్షిక తెలుగులో రాసి, పేజీ అడ్రసు రాసే పర్మాలింక్ గడిలో మాత్రం చిన్న ఇంగ్లిషు అక్షరాల మాట పెడతాను.

ఫొటోనే సగం బేరం

చీర సైటులో చదివేది తక్కువ, చూసేది ఎక్కువ. ఒక్కో చీరకు నాలుగు ఫొటోలు తీయిస్తాను: మడత విప్పిన చీర, కొంగులో గొల్లభామ దగ్గరగా, అంచు, బొమ్మ వెనక వైపు. నాలుగోది చాలామంది మరిచిపోతారు. ‘ప్రింటా?’ అన్న ప్రశ్నకు జవాబిచ్చేది అదే, నేసిన బొమ్మ సంగతి బట్ట వెనకే తెలుస్తుంది. పొద్దున వాకిట్లో, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ లేకుండా తీస్తే రంగు ఉన్నదున్నట్టు వస్తుంది. ఫోన్‌లో కనబడిన రంగు, ఇంటికి చేరిన రంగు ఒకటి కాకపోతే చీర వెనక్కి వస్తుంది.

ఫోన్ ఫొటో ఒక్కోటి మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది. అలాగే ఎక్కిస్తే సిగ్నల్ సరిగా లేని చోట పేజీ తెరుచుకోదు, గిరాకీ ఎదురుచూడదు. వెడల్పును 1200 పిక్సెళ్లకు తగ్గించి 200 కేబీ లోపు ఉంచితే చాలు. ప్రతి ఫొటోకు ఆల్ట్ టెక్స్ట్ గడిలో ‘ఎర్ర కాటన్ చీర, పసుపు అంచు, కొంగులో గొల్లభామ’ అని ఒక వాక్యం రాయాలి. చూపు లేనివారికి ఫోన్ దాన్ని చదివి వినిపిస్తుంది, గూగుల్‌కూ ఫొటో ఏమిటో తెలుస్తుంది.

అమ్మకం ఎలా?

వర్డ్‌ప్రెస్‌కు ఊకామర్స్ అనే ప్లగిన్ (అదనపు పనుల కోసం జోడించే చిన్న సాఫ్ట్‌వేర్) కలిపితే బుట్ట, బిల్లు, ఆన్‌లైన్ చెల్లింపుతో పూర్తి దుకాణం తయారవుతుంది. ఒకే రకం పచ్చళ్ల సీసాలు వంద ఉన్నవాళ్లకు అది బాగుంటుంది. మగ్గం మీది చీర చాలాసార్లు ఒక్కటే ఉంటుంది. అందుకే ఈ సైటులో బుట్ట పెట్టలేదు. ప్రతి చీర కింద వాట్సాప్ బటన్ ఉంది. నొక్కితే ఆ చీర నంబరుతో సహా సందేశం తయారై ఉంటుంది. మాట్లాడుకున్నాక యూపీఐతో డబ్బు, పార్శిల్‌లో చీర. వ్యాపారం పెరిగితే బుట్ట ఎప్పుడైనా కలపవచ్చు.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు బాధ్యతలూ ఉన్నాయి. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఇ-కామర్స్ నియమాలు వ్యాపారం అసలు పేరు, చిరునామా, అన్ని చార్జీలతో కలిపిన ధర, వాపసు పద్ధతి, ఫిర్యాదులు చూసే మనిషి వివరాలు కొనేవారికి కనబడేలా ఉంచమంటున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. దీన్ని భారం అనుకోవద్దు. ముక్కూ మొహం తెలియని మనిషి మనకు ముందే డబ్బు పంపుతున్నప్పుడు ఈ వివరాలే ధైర్యం ఇస్తాయి.

అప్పగింత

సైటు తెరుచుకున్న రోజుతో నా పని పూర్తయినట్టు కాదు. ఆ ఇంటి కోడలికి లాగిన్ ఇచ్చి, పక్కన కూర్చుని, కొత్త చీర ఆమె చేతే పెట్టించాను. ఫొటోలు ఎక్కించడం, పేరు, ధర, నంబరు రాయడం, ప్రచురించడం. “గిదేనా అన్నా? గింతేనా?” అన్నది. అంతే. అమ్ముడైన చీర పేజీని తీసేయవద్దని, ‘అమ్ముడైంది’ అని రాసి ఉంచాలని చెప్పాను. ఆ పేజీ లింకు ఎవరి ఫోన్లోనో ఉంటుంది. తెరిచినవాళ్లు ఇలాంటిదే నేసి ఇస్తారా అని అడుగుతారు.

ఆమెకు ‘ఎడిటర్’ హోదా సరిపోతుంది. దాంతో పేజీలు మార్చవచ్చు కానీ పొరపాటున సైటును చెడగొట్టే మీటలు చేతికి అందవు. ‘అడ్మినిస్ట్రేటర్’ హోదా యజమానిది. నాకు వేరే ఖాతా ఉంది, వద్దనుకున్న రోజు ఆయన దాన్ని తీసేయవచ్చు. వారానికోసారి బ్యాకప్ హోస్టింగ్‌లో కాక యజమాని గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్లేలా పెట్టాను. ప్లగిన్లు తక్కువ ఉండాలి, వచ్చిన అప్‌డేట్లు వెంటనే చేయాలి. ఖరీదైన థీమ్ ఉచితంగా దొరికిందని ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన దాన్ని ఎన్నడూ పెట్టవద్దు, సైట్లలోకి దొంగలు దూరే దారుల్లో అదొకటి.

దుబ్బాక నేతగాళ్లకైనా, చేర్యాల నకాశీ చిత్రకారులకైనా ఇదే పద్ధతి పనికొస్తుంది. మన దగ్గర పనితనానికి కొదవ లేదు; దాన్ని కొనేవారి ముందు మన పేరుతో నిలబెట్టుకోవడమే మిగిలింది. సైటు ఎవరితో చేయించుకున్నా డబ్బు ఇచ్చే ముందు మూడు మాటలు అడగండి. డొమైన్ ఎవరి పేరున ఉంటుంది? అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది? బ్యాకప్ ఎవరి చేతికి వస్తుంది? మూడింటికీ ‘మీ’తో మొదలయ్యే జవాబు రాకపోతే ఆ పని అప్పగించకండి.