మాయమైన మిర్యాలగూడ సీటు

వానాకాలం కోతలు మొదలైతే మిర్యాలగూడ చుట్టుపక్కల రోడ్లమీద వడ్ల ట్రాక్టర్లు బారులు తీరతాయి. మిల్లుల దగ్గరికి వచ్చేసరికి ఉడుకు వడ్ల వాసన గుప్పుమంటుంది. సాగర్ ఎడమ కాల్వ పారుతూనే ఉంది, ఊరు పెరుగుతూనే ఉంది. లోక్‌సభ సీటు మాత్రం లేదు. 1962లో తొలి ఎన్నిక చూసిన మిర్యాలగూడ పార్లమెంటు నియోజకవర్గం 2008 పునర్విభజనలో రద్దయింది. 12 ఎన్నికలు, ఐదుగురు ఎంపీలు. ఈ ఐదు పేర్లూ వరసగా చెప్పగలిగినవాళ్లు ఇవాళ అదే ఊళ్లో ఎంతమంది దొరుకుతారు?

రద్దయిన సీట్ల కథలు ఇతర దేశాల్లోనూ ఉన్నాయి. బ్రిటన్‌లో కలిసినప్పుడు ఐర్లండ్ 1801లో తన పార్లమెంటునే పోగొట్టుకుంది. 300 మంది సభ్యులుండే సభ పోయి, లండన్‌కు 100 మందే వెళ్లారు. 84 పట్టణాలు సీట్లు కోల్పోతే ఒక్కోదానికి 15 వేల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చారు. అందులో ఎక్కువ సొమ్ము ఆ సీట్లను ఆస్తిలా అనుభవించిన జమీందార్లకే చేరింది. మిర్యాలగూడ సీటు ఏ దొర ఆస్తీ కాదు. దొరల మీద తుపాకీ పట్టినవాళ్లు కూడా అక్కడ బ్యాలెట్‌తోనే గెలిచారు.

ఆ నేల తీరే అంత. 1952 తొలి ఎన్నికల్లో నల్లగొండ నుంచి కమ్యూనిస్టు నేత రావి నారాయణరెడ్డికి పడినన్ని ఓట్లు నెహ్రూకు కూడా పడలేదు. పదేళ్లకు మిర్యాలగూడ సీటు ఏర్పడితే తొలి ఎంపీగా వెళ్లింది సీపీఐ అభ్యర్థి లక్ష్మీదాస్. 1967లో కాంగ్రెస్ నుంచి జి.ఎస్. రెడ్డి గెలిచారు. సాగర్ కాల్వలకు ఇందిరాగాంధీ నీళ్లు వదిలింది కూడా ఆ ఏడాదే. మెట్ట చేలు మాగాణులయ్యాయి, మిల్లులు లేచాయి.

ఈ సీటు ఘనత తెలియాలంటే మాత్రం భీమిరెడ్డి నర్సింహారెడ్డిని తలుచుకోవాలి. జనం నోట బీఎన్. తెలంగాణ సాయుధ పోరాటంలో గెరిల్లా దళాలను నడిపిన నాయకుడు, మల్లు స్వరాజ్యానికి అన్న. 1971లో తెలంగాణ ప్రజా సమితి గాలి వీచింది. తెలంగాణలోని 14 సీట్లలో 10 దానికే పోయాయి, పక్కనున్న నల్లగొండతో సహా. మిర్యాలగూడ మాత్రం సీపీఎం నుంచి బీఎన్‌ను పంపింది. 1984లో దేశమంతా ఇందిర హత్య సానుభూతి, రాష్ట్రమంతా ఎన్టీఆర్ ప్రభంజనం. మళ్లీ బీఎనే. 1991లోనూ ఆయనే. ఈ మూడుసార్లూ ఆంధ్రప్రదేశ్ మొత్తంమీద సీపీఎంకు దక్కిన ఎంపీ సీటు ఇదొక్కటే.

గాలికి ఎన్నడూ తల వంచలేదని కాదు. 1977లో, 1980లో కాంగ్రెస్ రాష్ట్రంలోని 42 సీట్లలో 41 ఊడ్చేసింది. రెండుసార్లూ ఇక్కడ జి.ఎస్. రెడ్డిదే గెలుపు. 1989, 1996, 1998లలో బద్దం నర్సింహారెడ్డి కాంగ్రెస్‌ను గెలిపించారు. 1996లో అసలు వార్త పక్క సీటుది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోతున్నాయని, కృష్ణా జలాలు కావాలని జల సాధన సమితి పిలుపిస్తే నల్లగొండలో 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది, పోలింగే వాయిదా పడింది. సాగర్ నీళ్లు పారే మిర్యాలగూడకూ, చుక్క నీటికి అల్లాడే మునుగోడుకూ నడుమ దూరమెంతో ఆ బ్యాలెట్ చూపించింది.

చివరి ఎంపీ పాలమూరు నుంచి వచ్చారు. కల్వకుర్తిలో ఎమ్మెల్యేగా ఎదిగి, 1984లో, 1998లో మహబూబ్‌నగర్ ఎంపీగా గెలిచిన సూదిని జైపాల్‌రెడ్డి. చిన్ననాటి పోలియోతో చంకకర్రలు పట్టుకుని నడిచే ఆయన సభలో నోరు విప్పితే ఎదుటి పక్షం సైతం చెవి ఒగ్గేది. 1999లో కాంగ్రెస్‌కు రాష్ట్రంలో ఐదు సీట్లే మిగిలితే అందులో మిర్యాలగూడ ఒకటి. 2004లో మళ్లీ గెలిచి కేంద్రమంత్రి అయ్యారు. 2009లో ఆయనకు ఆ సీటే లేదు. చేవెళ్లకు వెళ్లి గెలిచారు.

పునర్విభజనలో మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ నల్లగొండ కిందికి పోయాయి. తుంగతుర్తి భువనగిరిలో కలిసింది. జానారెడ్డి గెలుస్తూ వచ్చిన చలకుర్తి అసెంబ్లీ సీటు పోయి నాగార్జునసాగర్ వచ్చింది. జనాభా లెక్కన ఇది సబబే కావచ్చు. కానీ సూర్యాపేట, తుంగతుర్తి ఒకే పోరాటంలో పెరిగిన గడ్డలు, కలిసి ఓటేసి బీఎన్‌ను మూడుసార్లు ఢిల్లీ పంపిన గడ్డలు. ఆ రెంటినీ వేరు చేసిన గీత నాకు ఇప్పటికీ మింగుడుపడదు. సీటు రద్దయిన 2008లోనే బీఎన్ కూడా కన్నుమూశారు.

సీట్ల పునర్విభజన చర్చ మళ్లీ మొదలైంది. సీట్ల సంఖ్య మీద దక్షిణాది పోరు న్యాయమైనదే. దాంతోపాటు ఏ ఊళ్లు ఏ ఊళ్లతో కలిసి ఓటేస్తూ వచ్చాయో కూడా కమిషన్ ముందు పెట్టాలి. మిర్యాలగూడలో ఆ ఐదుగురి పేర్లు, 12 ఎన్నికల ఫలితాలు రాసిన ఒక్క బోర్డు పెట్టడానికి మాత్రం ఏ కమిషన్ కోసమూ ఆగనక్కర్లేదు. మున్సిపాలిటీ తలుచుకుంటే చాలు.