రైటాఫ్ అంటే మాఫీ కాదండోయ్!

ఇంగ్లీషులో ‘రైట్’ అంటే రాయడం. పక్కన ‘ఆఫ్’ చేరిందా, అర్థం తలకిందులు: రాసి ఉన్న పద్దును లెక్కల్లోంచి తీసేయడం. మన తెలుగులోనూ ఈ తమాషా ఉంది. రాసుకోవడం వేరు, రాసివ్వడం వేరు. ‘పొలం కూతురికి రాసేశాడు’ అంటే ఇచ్చేశాడనే. కాబట్టి రైటాఫ్‌ని ‘రాసేయడం’ అనలేం. ‘పద్దు కొట్టేయడం’ దగ్గరి మాటే గాని, కొట్టేయడమంటే దొంగతనం కూడా కదా, బ్యాంకువాళ్ళం కాస్త చూసి వాడాలి!

మా ధర్మపురిలో మరో చిక్కు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బ్యాంకు కాగితం మీద ఇంగ్లీషు. తమిళంలో ‘తళ్ళుపడి’ అనే ఒక్క మాటే బట్టలకొట్టు డిస్కౌంటుకీ, కోర్టులో కేసు కొట్టివేతకీ, రుణమాఫీకీ చెల్లుతుంది. 2021 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం సహకార పంట రుణాలు 12,110 కోట్లు మాఫీ చేసినప్పుడు అందరి నోటా అదే మాట. ఇక బ్యాంకుల రైటాఫ్‌కీ జనం దాన్నే వాడేస్తారు.

టమాటా వ్యాపారం చేసే ఒక పెద్దాయన, మనవారే, నోటీసు పట్టుకొని వచ్చారు. “మీరే తళ్ళుపడి చేశారంట గదా సార్, మళ్ళీ ఇదెందుకు?” అన్నారు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు.

వ్యాపార రుణంపై కట్టవలసింది 90 రోజులు దాటినా కట్టకపోతే అది మొండిబాకీ అవుతుంది. బ్యాంకు తన లాభంలోంచి దానికి ఏటేటా కొంత తీసి పక్కన పెడుతుంది. మొత్తానికీ సరిపడా పెట్టాక, బాకీనీ ఆ నిధినీ ఎదురెదురుగా చెరిపేస్తుంది. అదే రైటాఫ్. బ్యాలెన్సు షీటు శుభ్రపడుతుంది, ఆదాయపు పన్నులోనూ వెసులుబాటు ఉంటుంది. బాకీదారు సంతకం మాత్రం చెరగదు. తాకట్టు తాకట్టే, హామీదారు హామీదారే. మాఫీ అలా కాదు. 2008లో కేంద్రం రైతుల అప్పులు మాఫీ చేసినప్పుడు ఆ సొమ్ము బ్యాంకులకు ప్రభుత్వం చెల్లించింది. అప్పు నిజంగా తీరింది. రైటాఫ్‌లో మన తరఫున ఎవరూ కట్టరు.

పెద్దాయనకు ఇదంతా చెబితే తలాడించారు. అసలు కష్టం ఆయన కొడుకుది. తండ్రి అప్పుకు హామీ సంతకం పెట్టాడు. బెంగుళూరులో ఇల్లు కొనబోతే క్రెడిట్ రిపోర్టులో ‘రిటెన్ ఆఫ్’ అని కనబడి హోమ్ లోన్ ఆగిపోయింది. చివరకు ఇద్దరూ రాజీ కుదుర్చుకొని కొంత కట్టారు. మిగిలింది బ్యాంకు వదిలేసింది, అది మాత్రం అసలైన తళ్ళుపడి. రిపోర్టులో ఇప్పుడు ‘సెటిల్డ్’ అని ఉంది. దాని అర్థమేమిటో అడగడానికి వచ్చే సోమవారం మళ్ళీ వస్తామన్నారు.