కనిపించని అక్షరం కోసం వేట

ఉధ్నా. తెలుగులో కంటికి కనిపించేవి రెండే అక్షరాలు. కంప్యూటర్‌కు మాత్రం అవి ఐదు: ఉ, ధ, పొల్లు, న, దీర్ఘం. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసుకుంటూ, మొదటి అక్షరం పెద్దది కొట్టి, ఆర్‌టీఎస్ పద్ధతిలో టైప్ చేస్తే తెర మీద ‘ఊధ్న’ ప్రత్యక్షమవుతుంది. అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. ఆ పద్ధతిలో పెద్ద ‘యు’ అంటే ఊ, చివర ఒకే ‘ఏ’ ఉంటే దీర్ఘం రాదు. తప్పు ఎక్కడుందో తేల్చడమే ఈ వ్యవహారంలో సగం పని.

సూరత్ దక్షిణ భాగంలోని ఉధ్నాకు ఈ తిప్పలు కొంచెం ఎక్కువే. మరమగ్గాల పనికి పాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి దశాబ్దాలుగా వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో స్థిరపడ్డాయి. నగరపాలక ప్రాథమిక విద్యా సమితి తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. బడి దాటితే అంతా గుజరాతీ, హిందీ. ఒకే కీబోర్డు మీద నాలుగు భాషలు వంతులు వేసుకోవాలి.

చిత్రమేమంటే ఇక్కడి బతుకుతెరువు పేరే కీబోర్డును తికమక పెడుతుంది. మామూలుగా కొడితే ‘పవర్లూమ్’ అవుతుంది. ‘పవర్‌లూమ్’ అని రావాలంటే ర్, లూ నడుమ ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అనే గుర్తు ఉండాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. తెర మీద కనిపించదు, చోటూ ఆక్రమించదు. చాలా ప్రోగ్రాముల్లో బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే ఏమీ చెరగనట్టే ఉంటుంది. నిజానికి చెరిగింది అదే.

అసలు చిక్కు పేర్లతో. కొన్ని టైపింగ్ పరికరాలు మాట చివర కూడా ఆ గుర్తును తగిలిస్తాయి. అది ఉన్న ‘కుమార్’, లేని ‘కుమార్’ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. అక్షరానికి అక్షరం పోల్చి వెతికే కంప్యూటర్‌కు మాత్రం ఇద్దరూ వేరు మనుషులు. జాబితాలో పేరున్నా ‘లేదు’ అనే జవాబొస్తుంది.

ఇలాంటి తప్పును పట్టడానికి ముందు అదే మాటను వేరే ప్రోగ్రాములో కొట్టి చూడాలి. అన్నిచోట్లా తప్పుగా వస్తే అనుమానం కీబోర్డు అమరిక మీదికి పోతుంది. ఒక్కచోటే వస్తే ఆ ప్రోగ్రాము మీదికి. సంకేతాలన్నీ సరిగ్గానే ఉండి ఆకారం మాత్రం చెడితే ఫాంటునో, అక్షరాలను పేర్చే భాగాన్నో చూడాలి.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చిన తెలుగు అక్షరం గుర్తుందా? జ్ఞ తర్వాత, దీర్ఘానికి ముందు దాక్కున్నది ఈ అదృశ్య గుర్తే. ఆపిల్ సవరణ విడుదల చేసేదాకా వాడకందారులు చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. లినక్స్‌లో దారి వేరు. జపాన్‌లో పుట్టిన ఎం17ఎన్ వ్యవస్థలో (ఇంగ్లీషు పేరులో ‘ఎం’కూ ‘ఎన్’కూ మధ్య 17 అక్షరాలు, అంతే!) ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్ తదితర తెలుగు అమరికలు మామూలు టెక్స్ట్ ఫైళ్లు. ఏ మీటకు ఏ అక్షరమో తెరిచి చదవచ్చు, తప్పుంటే దిద్ది పంపొచ్చు. అయితే దిద్దేవారికి తెలుగు రాకపోవచ్చు. ‘తెలుగు సరిగా రావడం లేదు’ అని ఫిర్యాదు రాస్తే వాళ్లేమీ చేయలేరు. ఏ అమరిక, ఏ వెర్షన్, ఏ మీటలు ఏ వరుసలో నొక్కారు, ఏం రావాలి, ఏం వచ్చింది అన్నవి కావాలి. ‘పవర్‌లూమ్’ ఎలా ఉండాలో చెప్పాల్సింది మాత్రం దాన్ని రోజూ రాసేవాళ్లే.